కొత్త బండి, పాత తగవు

విత్తనాలు కొన్నవానికి పది రోజులు, ఇనుము కొన్నవానికి ఒక రోజు, పాడి పశువును కొన్నవానికి మూడు రోజులు, బరువు లాగే ఎద్దును కొన్నవానికి ఐదు రోజులు, రత్నాలు కొన్నవానికి ఏడు రోజులు. కొన్న వస్తువును పరీక్షించుకొనేందుకు యాజ్ఞవల్క్య స్మృతి ఇచ్చిన గడువులివి. దాసదాసీజనాన్ని కూడా ఈ పట్టికలోనే చేర్చి వారికీ రోజులు లెక్కకట్టినారన్నది వేరొక విషాదం. ప్రస్తుతం మనకు కావలసినది ఎద్దుకు ఇచ్చిన ఐదు రోజులు. ఆనాటి గృహస్థునికి బండిని నడిపించే యంత్రం అదే. సంతలో దాని పళ్లు పట్టి చూడవచ్చును, సుళ్లు చూడవచ్చును, నాలుగడుగులు నడిపించి కాళ్లు చూడవచ్చును. కాని ఎండలో బరువుతో ఎగువకు లాగవలసి వచ్చినప్పుడు అది కాడి కింద చతికిలబడుతుందా లేదా అన్నది సంతలో తేలదు. ఇంటికి తెచ్చి, బండికి కట్టి, దారిలో నడిపితేగాని తేలదు. ఆ సంగతి తెలిసినవారే ఈ గడువు పెట్టినారు.

ధర్మశాస్త్రాలు ఈ తగవుకు ఒక చక్కని పేరు కూడా పెట్టినవి. నారదస్మృతిలో దానిని క్రీత్వానుశయం అన్నారు. అనగా, కొన్న తరువాత విచారించడం. కొన్ననాడే మనసు మారితే సరుకు చెడకుండా తిరిగి ఇవ్వవచ్చును. రెండవనాడు ఇస్తే వెలలో ముప్పదవ వంతు వదులుకోవలెను. మూడవనాడైతే దానికి రెట్టింపు. ఆ తరువాత సరుకు కొన్నవానిదే. ఇది కేవలం మనసు మారినవాని మాట. మంచి సరుకు చూపించి చెడ్డ సరుకు అంటగట్టినవాని మాట వేరు: వాడు కొన్నవానికి రెట్టింపు వెల చెల్లించవలెను, అంత సొమ్ము దండుగగా రాజుకూ కట్టవలెను. విచారించడానికీ మోసపోవడానికీ ఆనాటివారు గీసిన ఈ గీతను మనం గుర్తుంచుకొనవలెను. నేటికీ అమ్మకపు గదిలో డీలరు ముందు నిలబడిన మనిషిని ఈ గీతకు ఏ పక్కన నిలబెట్టవలెనన్నదే తగవంతా.

కౌటిల్యుని అర్థశాస్త్రం మరికొంత ఉదారంగా ఉన్నది. రోగం గల పశువును ఆరోగ్యవంతమైనదని చెప్పి అమ్మినవానికి పన్నెండు పణాల దండుగ వేసి, నాలుగు కాళ్ల జంతువును తిరిగి ఇచ్చేందుకు మూడు పక్షాలు, అనగా నెలన్నర, గడువు ఇచ్చినది. కారణం కూడా దాచలేదు: మంచిచెడ్డలు తెలియడానికి అంతకాలం పడుతుందట. మా దృష్టిలో ఈ కారణం చెప్పడమే గొప్ప సంగతి. గడువు అన్నది అమ్మేవాని సౌకర్యాన్ని బట్టి గాక, దోషం బయటపడే తీరును బట్టి ఉండవలెనని ఒప్పుకున్నట్లే గదా. యాజ్ఞవల్క్యునికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో వెలయించినాడు. ధర్మాసనపు మాటలు తెలుగు నుడికారంలో పడి ఏడువందల ఏళ్లు దాటినవి.

దాదాపు ఇదే ఆలోచన రోము నగరపు అంగడిలోనూ కనిపిస్తుంది. అక్కడ అంగళ్లపై అధికారం ఎడైలు అను ఉద్యోగులది. బానిసలను, బరువు మోసే పశువులను అమ్మేవారు వాటి రోగాలను, లోపాలను అమ్మకానికి ముందే బహిరంగంగా చెప్పవలెనని వారు శాసించినారు. చెప్పకపోతే కొన్నవాడు ఆరు నెలలలోగా సరుకు తిరిగి ఇచ్చి సొమ్ము రాబట్టుకోవచ్చును. సరుకు ఉంచుకొని వెల తగ్గించమనాలంటే ఏడాది గడువు. ఇందులో అసలు కీలకం ఒకటున్నది. నాకు ఆ లోపం తెలియదు అన్న జవాబు అమ్మినవానికి అక్కరకు రాదు. అతనికి తెలిసినా తెలియకపోయినా కొన్నవాని నష్టం ఒక్కటే అన్నారు రోము న్యాయవేత్తలు. మరొక ముచ్చట: అమ్మకానికి నిలబెట్టినప్పుడు గుర్రానికి ఏ అలంకారాలు వేసినారో ఆ అలంకారాలతోనే అప్పగించవలెను. లేకపోతే అరువది రోజులలోగా బేరాన్నే రద్దు చేయించవచ్చును. బండితో పాటు సీటు కవర్లు ఇస్తామని చెప్పి, డబ్బు చేతబడిన తరువాత మరచిపోయే పద్ధతి రెండువేల ఏళ్లనాటిదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంత తేటగా ఉన్న న్యాయం మధ్యలో ఎట్లా మసకబారినదో చెప్పాలంటే ఇంగ్లండుకు పోవలెను. 1603లో తీర్పైన ఒక వ్యాజ్యం కథ ఇది: ఒక కంసాలి ఒక రాయిని వంద పౌండ్లకు అమ్మినాడు. మేకల వంటి జంతువుల కడుపులో పుట్టే ఒక రాయికి విషాన్ని విరిచే గుణం ఉన్నదని ఆనాటి నమ్మకం. ఇది అదే రాయి అని కంసాలి చెప్పినాడు. కాదని తేలినది. కొన్నవాడు కోర్టుకెక్కినాడు. న్యాయమూర్తుల తీర్పు ఏమంటే, కంసాలి అది ఫలానా రాయి అని చెప్పినాడే గాని, అందుకు నేను పూచీ అని అనలేదు. వట్టి మాటకు దావా లేదు. కొనేవాడే కళ్లు తెరచుకొని కొనవలెనన్న సామెత వంటి సూత్రం ఆ దేశపు న్యాయంలో ఇట్లా వేళ్లూనుకొన్నది. ఆ సూత్రాన్ని లాటిన్ భాషలో చెప్పుకొన్నారు. భాష రోముదే, ధర్మం మాత్రం రోముది కాదు.

తరువాతి రెండు శతాబ్దాలలో యంత్రాలు, కర్మాగారాలు వచ్చినవి. కళ్లతో చూచి కనిపెట్టలేని సరుకులు వచ్చినవి. 1829లో తీర్పైన ఒక వ్యాజ్యంలో ఒక ఓడ యజమాని తన ఓడ అడుగుకు తొడగడానికి రాగిరేకులు కొన్నాడు. ఏళ్ల తరబడి మన్నవలసిన రేకులు నాలుగు నెలలకే తినిపోయినవి. రేకు తయారుచేసినవాడు అది దేనికోసమో తెలిసి అమ్మినాడు కాబట్టి, ఆ పనికి తగినదిగా ఉండవలెనన్న పూచీ అతడు నోటితో చెప్పకపోయినా ఉన్నట్లేనని ప్రధాన న్యాయమూర్తి బెస్టు తీర్పు చెప్పినాడు. చెప్పని పూచీ అన్న ఈ ఊహ క్రమంగా బలపడి 1893లో ఇంగ్లండు సరుకుల అమ్మకపు చట్టంలోకీ, అక్కడినుండి 1930లో మన దేశపు సరుకుల అమ్మకపు చట్టంలోని 16వ సెక్షనులోకీ వచ్చినది. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాని నేర్పును నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి తగినట్లుండవలెను. అయితే అదే చట్టంలో 62వ సెక్షను కూడా ఉన్నది. ఇరుపక్షాలు ఒప్పుకొంటే ఆ చెప్పని పూచీని తీసివేయవచ్చును. ముందు తలుపు వేసి దొడ్డి తలుపు తెరచినట్లున్నదీ ఏర్పాటు. మోటారు బండ్ల వర్తకులు ఆ దొడ్డి తలుపు ఎక్కడున్నదో త్వరలోనే కనిపెట్టినారు.

మోటారు బండితో పాటు ఒక కొత్త మనిషి కూడా రంగం మీదికి వచ్చినాడు. అతడే డీలరు. ఎద్దుల సంతలో అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడినారు. మధ్యన దళారి ఉన్నా, అతడు బేరం కుదిర్చి తన రూక తాను తీసుకొని పోయేవాడు. డీలరు దళారి కాడు, కంపెనీ ఉద్యోగీ కాడు. సాధారణంగా అతడు కంపెనీ దగ్గర బండిని తన సొమ్ముతో కొని, తన పేర మనకు అమ్మే వర్తకుడు. గుమ్మం మీద బోర్డు కంపెనీది, చేతికిచ్చే రసీదు డీలరుది. బండి సవ్యంగా నడిచినంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. అది మొరాయించిన మరునాడే పడుతుంది. డీలరు లోపం తయారీలోనిది అంటాడు. కంపెనీ మీరు కొన్నది మా దగ్గర కాదే అంటుంది. ఇద్దరి మాటా అక్షరాలా నిజమే. ఆ రెండు నిజాల మధ్య కొన్నవాని సొమ్ము ఇరుక్కుంటుంది.

ఈ గోడకు పునాది మోటారు పుట్టకముందే పడినది. 1842లో ఇంగ్లండులో తీర్పైన ఒక వ్యాజ్యం కథ ఇది: ఒక తపాలా బండి దారిలో విరిగిపడి, దానిని తోలేవాడు జీవితాంతం కుంటివాడైనాడు. బండిని సరఫరా చేసి మరమ్మతు చూచుకొనే కంట్రాక్టరు మీద అతడు దావా వేసినాడు. కంట్రాక్టరు ఒప్పందం తపాలా శాఖాధిపతితో గాని తోలేవానితో కాదు గదా అని కోర్టు కొట్టివేసినది. ఇట్టివారిని అనుమతిస్తే, ఆ దారిన పోతూ దెబ్బతిన్న ప్రతివాడూ దావాకు దిగుతాడని న్యాయమూర్తులు భయపడినారు. ఎవరితో కాగితం వ్రాసుకొన్నావో వాని మీదనే నీ హక్కు. డెబ్బై ఏళ్లకు పైగా ఈ మాటే సాగినది.

దానిని బద్దలు కొట్టినది ఒక కొయ్య చక్రం. 1910లో న్యూయార్కు రాష్ట్రంలో రాళ్లు చెక్కి జీవించే ఒకాయన డీలరు దగ్గర కొత్త బ్యూక్ కారు కొన్నాడు. ఆ రోజులలో కారు చక్రాలకు ఎడ్లబండి చక్రాలకు వలె కొయ్య ఆకులుండేవి. బండి నడుస్తుండగా ఒక చక్రపు ఆకులు పొడిపొడిగా విరిగి, కారు కూలి, ఆయన బయటికి విసిరివేయబడి గాయపడినాడు. చక్రానికి వాడిన కొయ్య నాసిరకం. బ్యూక్ కంపెనీ ఆ చక్రాన్ని తాను చేయలేదు, మరొక కంపెనీ దగ్గర కొన్నది. కొన్నప్పుడు పరీక్షించి ఉంటే లోపం తెలిసేదే, పరీక్షించలేదు. కోర్టులో కంపెనీ పాత పాటే పాడినది: మేము అమ్మినది డీలరుకు, ఈయనకు కాదు.

1916లో ఈ వ్యాజ్యంలో తీర్పు వ్రాసినవాడు బెంజమిన్ కార్డోజో, అమెరికా న్యాయమూర్తులలో అగ్రగణ్యుడు. ఆయన వేసిన ప్రశ్న మన రైతుకు కూడా తోచే ప్రశ్నే. ముగ్గురు కూర్చొనే కారును తయారుచేసి పంపినప్పుడు, అందులో ఎక్కి తిరిగేది ఎవరని కంపెనీ అనుకొన్నది? డీలరు అందులో తిరగడన్నది అందరికన్న కంపెనీకే బాగా తెలుసు. అట్టి డీలరుకు మాత్రమే జవాబుదారీ, తిరిగేవానికి కాదు అంటే న్యాయం నవ్వులపాలవుతుంది. తపాలా బండ్లనాటి తీర్పులను నేటి ప్రయాణానికి కట్టిపెట్టలేమని కూడా ఆయన అన్నాడు. కంపెనీ ఓడినది. అయితే ఈ గెలుపు పరిమితమైనదని మనం గమనించవలెను. అది గాయపడినవాని గెలుపు. అజాగ్రత్త జరిగిందని చూపించగలిగినవాని గెలుపు. ఒళ్లు బాగానే ఉండి, బండి మాత్రం వారానికి రెండుసార్లు వర్కుషాపుకు పోతున్నవానికి కార్డోజో ఏమీ చెప్పలేదు.

అట్టివాని కథ ఇంగ్లండు కోర్టులలో మరికొంత సరసంగా నడిచినది. 1920ల తొలినాళ్లలో ఒక పెద్దమనిషి లండను డీలర్లను కలిసి, తనకు ఊళ్లు తిరగడానికి సుఖంగా ఉండే కారు కావలెనన్నాడు. బుగాట్టి అయితే మీకు చక్కగా సరిపోతుందని డీలర్లు చెప్పినారు. ఆయనకు ఆ కారు గురించి ఏమీ తెలియదు, వారి మాట నమ్మినాడు. ఎనిమిది సిలిండర్ల బుగాట్టి వచ్చినది. పందెపు గుర్రాన్ని పెళ్లిబండికి కట్టినట్లైనది. సుఖమన్న మాటకూ దానికీ పొత్తు కుదరలేదు. డీలర్లు ఫారము తీసి చూపించినారు: పన్నెండు నెలలు విరిగిన భాగాలకు గ్యారంటీ, అది తప్ప చట్టం వల్ల వచ్చేదైనా సరే ఏ ఇతర గ్యారంటీ, వారంటీ లేదు. అప్పీలు కోర్టు ఆ ఫారమును భూతద్దంతో చదివినది. గ్యారంటీ లేదన్నారు, వారంటీ లేదన్నారు, బాగున్నది. కాని ఊళ్లు తిరగడానికి సుఖంగా ఉండవలెనన్నది ఒప్పందంలోని షరతు. షరతు లేదని మీరు ఎక్కడా వ్రాయలేదే! ఆయన సొమ్ము ఆయనకు వచ్చినది.

వర్తకులు పాఠం నేర్చుకొన్నారు. తరువాతి ఫారములలో షరతు అన్న మాట కూడా చేరినది. 1934 నాటి మరొక వ్యాజ్యంలో సింగర్ కంపెనీ వారి ఫారము చట్టం వల్ల గాని, మరే విధాన గాని కలిగే చెప్పని షరతులన్నిటినీ తోసిపుచ్చినది. ఈసారి కొన్నవాడు కూడా డీలరే. కొత్త కార్లు కొంటానని ఒప్పందం చేసుకొన్నాడు. వచ్చిన వానిలో ఒకటి అప్పటికే ఐదువందల మైళ్లకు పైగా తిరిగి ఉన్నది. కోర్టు అన్నది: కొత్త కార్లు అని కాగితం మీద స్పష్టంగా వ్రాసినారు, కాబట్టి అది చెప్పిన షరతే గాని చెప్పని షరతు కాదు. ఫారము మళ్లీ వీగిపోయినది. తెలివైన న్యాయమూర్తులు, అంతకన్న తెలివైన ఫారము లేఖకులు ఆడిన ఈ చదరంగం వినడానికి బాగుంటుంది. కాని ప్రతి ఎత్తుకూ ఒక గృహస్థు కోర్టు ఖర్చు పెట్టుకోవలసి వచ్చినదని మరువరాదు.

ఈ సన్న అక్షరాల రాజ్యాన్ని నేరుగా ఎదిరించిన తీర్పు వచ్చినది 1960లో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో. కథ ఒక ఇంటి ముచ్చటగా మొదలవుతుంది. 1955 మే నెలలో మాతృదినోత్సవానికి భార్యకు కానుకగా ఒకాయన బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ అను డీలరు దగ్గర ప్లిమత్ కారు కొన్నాడు. క్రైస్లర్ కంపెనీ తయారీ. ఒక కాగితం మీద సంతకం పెట్టినాడు. కాగితం వెనుక ఎనిమిదిన్నర అంగుళాల పొడవున సన్న అక్షరాలు. ఆయన చదవలేదు, చదవమని ఎవరూ చెప్పలేదు. వాల్వుల కాలంలో రేడియో సెట్లు కొన్న మన పెద్దలకు ఇందులో వింత తోచదు. గ్యారంటీ చీటీని పసుపుకొమ్ములతో పాటు బీరువాలో భద్రంగా దాచేవారే గాని, దానిలో ఏమున్నదో చదివినవారు అరుదు.

మే 9వ తేదీన కారు ఇంటికి వచ్చినది. పది రోజులు సవ్యంగా నడిచినది. 19వ తేదీన ఆ ఇల్లాలు గంటకు ఇరవై మైళ్ల వేగంతో పోతుండగా ముందు భాగంలో, కింద ఏదో పగిలినట్లు చప్పుడైనది. చేతిలోని స్టీరింగు గిర్రున తిరిగినది. కారు ఒక్కసారిగా కుడికి మళ్లి ఇటుకగోడను ఢీకొన్నది. అప్పటికి అది తిరిగినది 468 మైళ్లు. ముందు భాగం ఎంత నుజ్జయినదంటే, ఏ భాగం ముందుగా విరిగినదో చెప్పడం అసాధ్యమైనది. అజాగ్రత్త రుజువు చేయలేరు కాబట్టి కార్డోజో చూపిన దారి మూసుకొనిపోయినది. మిగిలినది చెప్పని పూచీ ఒక్కటే. దానిని కాగితం వెనుక ఉన్న సన్న అక్షరాలు కొట్టివేసినవి. ఆ అక్షరాల సారాంశం ఇది: తొంబై రోజులు లేదా నాలుగువేల మైళ్లు, ఏది ముందైతే అంతవరకు, లోపమున్నదని కంపెనీకి తోచిన భాగాన్ని మారుస్తారు. ఆ భాగాన్ని కొన్నవాడు తన ఖర్చుతో కర్మాగారానికి పంపవలెను. ఇది తప్ప మరే పూచీ లేదు. గోడను ఢీకొని ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఇచ్చే ఊరట, ఊడిన భాగాన్ని పార్సెలు చేసి పంపితే కొత్తది పంపుతామనడం!

చదివి సంతకం పెట్టకపోవడం ఆయన తప్పే గదా అని కంపెనీ వాదించినది. న్యాయమూర్తి ఫ్రాన్సిస్ ఈ వాదానికి ఇచ్చిన జవాబులోనే ఆ తీర్పు విలువంతా ఉన్నది. చదివి ఉంటే మాత్రం ఏమి చేయగలడు? ఈ ఫారము ఒక కంపెనీది కాదు, మోటారు తయారీదారుల సంఘం మొత్తానికి ఉమ్మడిది. 1958లో ఆ దేశపు కార్ల ఉత్పత్తిలో 93.5 శాతం మూడు కంపెనీల చేతిలోనే ఉన్నది. ఈ దుకాణం కాదని పక్క దుకాణానికి పోతే అక్కడా అదే కాగితం. బేరమాడే చోటు లేనప్పుడు సంతకం ఒప్పుదల కాదు. కోర్టు ఆ సన్న అక్షరాలను చెల్లవన్నది. కంపెనీ, డీలరు ఇద్దరూ బాధ్యులేనన్నది. కాగితం మీద సంతకం చేయని భార్యకు కూడా హక్కు ఉన్నదన్నది. తీర్పు వెలువడిన రోజు 1960 మే 9. కారు ఇంటికి వచ్చి సరిగా ఐదేళ్లు.

ఈ తీర్పు తరువాత కూడా మొరాయించే బండి యజమాని చేతికి ఒక లెక్క దొరకలేదు. ఎన్నిసార్లు బాగుచేయించిన తరువాత ఇక చాలు, బండి మార్చండి అని అనవచ్చును? ఈ ప్రశ్నకు అంకె వేసి జవాబు చెప్పినది 1982లో కనెక్టికట్ రాష్ట్రం. ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా కుదరకపోతే, లేదా బండి మొత్తం మీద ముప్పై రోజులు వర్కుషాపులోనే గడిపితే, కంపెనీ బండి మార్చవలెను, లేదా సొమ్ము తిరిగి ఇవ్వవలెను. ఇతర రాష్ట్రాలూ ఆ దారిన నడచినవి. ఈ చట్టాలకు జనం పెట్టిన పేరు నిమ్మకాయ చట్టాలు. అమెరికనుల వాడుకలో నిమ్మకాయ అంటే కొన్నవాడికి పులుపు మిగిల్చే పనికిరాని సరుకు. మనవారు కొత్త బండి కొనగానే దృష్టి తగలకుండా చక్రాల కింద పెట్టి తొక్కించేదీ ఆ కాయనే. చక్రం కింద ఉంటే శుభం, చక్రాల మీద ఉంటే అశుభం కాబోలు.

మన దేశంలో ఈ తగవు ఆలస్యంగా మొదలైనది. స్వాతంత్ర్యానంతరం చాలాకాలం కారు అంటే అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. ఆ పేర్లతో పట్టిక దాదాపు పూర్తి అయ్యేది. స్కూటరుకు పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి వేచి ఉన్న కుటుంబాలు మన పట్టణాలలో ప్రతి వీధిలోనూ ఉండేవి. అట్లా వేచి చూచి, తీరా వచ్చిన బండిలో లోపం కనబడితే, తిరిగి ఇచ్చి మళ్లీ వరుస చివరకు పోయే సాహసం ఎవరికి ఉంటుంది? దొరికినదే మహాప్రసాదమని, పేటలోని మెకానిక్కును పట్టుకొని బాగుచేయించుకొన్నారు. చట్టంలో 16వ సెక్షను ఉండనే ఉన్నది. సివిలు కోర్టు గుమ్మం ఎక్కి, ఫీజు కట్టి, వాయిదాలు తిరిగే ఓపిక ఉంటే గదా!

1986 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఆ గుమ్మం ఎత్తు తగ్గించినది. జిల్లాకొక ఫోరం. తొలి ఏళ్లలో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. వకీలు లేకుండా ఎవరికి వారే చెప్పుకోవచ్చును. లోపమున్న సరుకు మార్చమనడానికీ, సొమ్ము తిరిగి ఇమ్మనడానికీ ఫోరముకు అధికారం వచ్చినది. కాని ఇక్కడ కూడా పాత గోడలు రెండు అట్లాగే నిలబడినవి. మొదటిది వారంటీ కాగితం. 2006లో మారుతి ఉద్యోగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, వారంటీలో ఇచ్చిన మాట లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే కాబట్టి, మొత్తం బండిని మార్చమనడం తగదు. ఒక భాగం చెడితే ఆ భాగం మార్చడం న్యాయమే. ఆ మాటతో మాకు పేచీ లేదు. కాని భాగం తరువాత భాగం చెడే బండిని కొన్నవానికి, తాను కొన్నది బండియా, భాగాల మూటయా అన్న సందేహం రాక మానదు.

రెండవ గోడ డీలరుకూ కంపెనీకీ మధ్య ఉన్నది. గోవాలో ఒక డీలరు ఒక ఖాతాదారునికి 2011 నాటి కారు అని డబ్బు పుచ్చుకొని, 2009లో తయారై అప్పటికే కొంత తిరిగిన కారును అప్పగించబోయినాడు. ఆయన తీసుకోనన్నాడు. వినియోగదారుల కమిషనులు డీలరుతో పాటు టాటా మోటార్స్ కంపెనీని కూడా బాధ్యుణ్ణి చేసినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కంపెనీని తప్పించినది. డీలరు కంపెనీకి ఏజెంటు కాడు, స్వతంత్ర వర్తకుడు. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసునని రుజువు లేనిదే కంపెనీని పట్టుకోరాదు. 1934లో ఇంగ్లండులో కొత్త కారు అన్న మాట మీద నడిచిన తగవే ఇది. కాని ఈసారి మధ్యలో ఉన్న మనిషి ఎవరి మనిషి అన్న ప్రశ్న కొన్నవాని నెత్తిన పడినది. బోర్డు చూచి లోపలికి పోయినవాడు ఆ రెండు సంస్థల మధ్య ఒప్పందాన్ని ఎట్లా చదువుతాడు?

2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం కొన్ని చిక్కులు విప్పినది. లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే తయారుచేసినవాని బాధ్యత ఏమిటి, అమ్మినవాని బాధ్యత ఏమిటి అని విడివిడిగా వ్రాసినది. అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే మార్గం పెట్టినది. పూర్వం డీలరు లేదా కంపెనీ ఉన్న చోటికో, బేరం జరిగిన చోటికో పోయి ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఈ చట్టం ప్రకారం కొన్నవాడు తాను కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదులో బండి కొని శ్రీకాకుళంలో ఉంటున్నవానికి ఇది చిన్న మేలు కాదు. కారణం పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు పడవలెను. 2021 డిసెంబరు నాటి నిబంధనల ప్రకారం యాభై లక్షల రూపాయల లోపు వెల గల బండ్ల తగవులు సాధారణంగా జిల్లా కమిషనుకు పోతవి.

కాని నాలుగుసార్లు, ముప్పై రోజులు అన్నట్టి అంకె మన చట్టంలో లేదు. యాజ్ఞవల్క్యుని ఐదు రోజుల వంటి పరీక్షాకాలమూ లేదు. తయారీలోనే దోషమున్నదని చూపవలసిన భారం సాధారణంగా కొన్నవానిదే. చూచి చెప్పలేని దోషమైతే కమిషను తగిన పరీక్షాశాలకు పంపుతుంది, ఆ పరీక్ష రుసుము ముందుగా కట్టవలసినవాడు ఫిర్యాదుదారుడే. అందుచేత ఇట్టి వ్యాజ్యాలలో గట్టి సాక్షి అయ్యేది, బండి వర్కుషాపుకు పోయిన ప్రతిసారీ ఇచ్చే జాబు కార్డు. ఏ తేదీన వచ్చినది, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, యజమాని ఏమి చెప్పినాడు, మెకానిక్కు ఏమి చేసినాడు అన్నది అందులో ఉంటుంది. చాలామంది చప్పుడు వస్తున్నదని నోటితో చెప్పి, సర్దినామని నోటితోనే విని, కార్డు అడగకుండా బండి తోలుకొని పోతారు. కార్డు మీద సాధారణ తనిఖీ అని మాత్రమే వ్రాసి ఇస్తే, తాను చెప్పిన ఫిర్యాదును తన మాటలలోనే వ్రాయించుకొని, ఆ తరువాతనే సంతకం పెట్టే హక్కు యజమానికి ఉన్నది.